షిరీన్ ఇంటికి వచ్చాక

"ఉమా, ఎర్ర కండెలు ఒడిసినయి," అన్నాడు మా ఆయన వెంకటేష్, మగ్గం గుంతలోంచి తలెత్తకుండానే. ఫోన్ పక్కన పెట్టి రాట్నం తిప్పి ఖాళీ కండెలకు దారం చుట్టడం మొదలుపెట్టాను. గద్వాలలో మా చీరలకు పేరుంది. ఆ పేరు ఆయనది. నూలుకు గంజి పెట్టి, ఆరబెట్టి, కండెలు చుట్టి అందించడాన్ని మా అత్త లక్ష్మీదేవమ్మ 'ఇంటిపని' అంటుంది.

ఫోన్లో నేను కథ రాసుకుంటున్నాను. ఇరాన్‌లో మతవిప్లవం వచ్చిందనీ, తర్వాత ఆడవాళ్లు తల కప్పుకోక తప్పలేదనీ ఎం.ఏ.లో చదివాను. రాకపోయి ఉంటే? పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నా కథలో ఆ విప్లవం రాలేదు. రాజు గద్దె దిగలేదు. షిరీన్ అనే ఇరాన్ యువతి జుట్టు గాలికి వదిలి యూనివర్సిటీకి వెళ్లి పాఠాలు చెబుతుంది. నా స్నేహితురాలు హెప్సిబా ఆదివారం వనపర్తిలో జరిగే రచయిత్రుల సభలో ఈ కథ చదవమంది.

శుక్రవారం చూస్తే ఫోన్లో కథ లేదు.

"చీరల ఫోటోలకు జాగ సాల్తలేదు, తుడిసేసిన," అన్నాడు వెంకటేష్. "ఇరాన్ల ఏమైతే నీకేంది? నిన్నెవరన్న ముసుగేస్కోమన్నరా?"

"గింత సదువు సదివినా మావోడు ఏమన్న అన్నడా నిన్ను?" అంది అత్త.

నేను ఏడవలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. రాట్నం ముందు కూర్చుని కథను మనసులోనే మళ్లీ అల్లుకున్నాను. ఈసారి షిరీన్ పాఠం ముగించి ఇంటికొచ్చింది. చాయ్ ఏదని అడిగాడు భర్త. చెప్పులు విడవకముందే వంటింట్లోకి నడిచింది. ఆ పని చేయమని ఏ చట్టమూ చెప్పలేదు. రాజునే గద్దె దిగకుండా ఆపిన నేను ఆ చాయ్‌ని ఆపలేకపోయాను. మొదటిసారి ఆమెను ఇంటికి తేకుండా బయటే ఎందుకు వదిలేశానో అప్పుడు తెలిసింది. ఇల్లంటే నాకు భయం.

ఆదివారం పొద్దున చీర మార్చుకుని వచ్చాను.

"కథనే లేదు గద, ఏం సదువుతవు?" అన్నాడు వెంకటేష్.

"నోటికొచ్చు."

"ఇయ్యాల మగ్గం మీదికెల్లి చీర దించాలె. కండెలెవరు సుట్టాలె?"

చెప్పులేసుకున్నాను.

"పోతే గట్లనే పో. మల్ల గీ గడప తొక్కకు."

అత్త తల వంచుకుంది. బస్సు గద్వాల దాటేదాకా కథను మొదటి నుంచి మనసులో చెప్పుకున్నాను. సభలో హెప్సిబా మైకు అందించింది. ఎదురుగా అందరూ ఆడవాళ్లే.

"ఆ దేశంలో విప్లవం రాలేదు," అని మొదలుపెట్టాను. "షిరీన్ ఇంట్లో కూడా రాలేదు."