వెనక నుంచి పిలవలేదు

బ్యాగు అడుగున రెండు లుంగీలు పరిచి, వాటి మీద సర్వర్ పెట్టి, చుట్టూ తువ్వాళ్లు కుక్కింది అండాలమ్మ. ఆ కుక్కడంలోనే కోపం తెలుస్తోంది. మరిది మట్టయ్య పాస్‌పోర్టు వెతుకుతున్నట్టు నటిస్తూ ఆమె వైపు చూడటం లేదు.

పీటంత ఉన్న ఆ నల్ల పెట్టెలో ఆరువందల నలభై మంది ఉన్నారు. గల్ఫ్‌కు పోయి జాడ తెలియకుండా పోయినవాళ్లు. ఎల్బీనగర్‌లోని ఈ రెండు గదుల ఇంటి నుంచే, ఆ పెట్టె మీదే మట్టయ్య వాళ్ల ఫొటోలతో వెబ్‌సైట్ నడిపాడు. ఫోన్లు చేసి ఏడ్చే ఆడవాళ్ల దగ్గర వివరాలు రాబట్టింది అండాలమ్మ. మొదటి ఫొటో ఆమె భర్త బక్కయ్యది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు పెట్టుకున్న మనుషుల్ని గల్ఫ్‌కు పంపే ఒక ఏజెంటు పేరు అందులో ముప్పై చోట్ల వచ్చింది. వాడి మనుషులు రెండుసార్లు వచ్చి ఫ్యూజు పీకేసి పోయారు. మూడోసారి వస్తే పెట్టే ఉండదన్నారు. అందుకే దాన్ని దేశం దాటిస్తున్నారు.

మస్కట్‌లో ఎక్కడ పెట్టాలన్నదే నెల రోజుల గొడవ. అక్కడొక డేటా సెంటర్ ఉంది. కిరాయి కడితే మన పెట్టెను వాళ్ల అరలో పెట్టుకుని, కరెంటు పోకుండా, వేడెక్కకుండా కాపలా కాస్తారు. అక్కడే పెట్టమని ఆమె పట్టు. ఒక్క ఫిర్యాదు అందితే వాళ్లు వైరు పీకేస్తారని, తను ఒకప్పుడు ఉండి పనిచేసిన కూలీల క్యాంపులో దోస్తు గదిలో ఉంచుకుంటానని అతను.

"కంపెనీవోడు పీకితే కాయితమన్న ఇస్తడు. గా గది తాళం ఎవని చేతిల ఉంటది, నీ చేతిలనా?"

"నా పెట్టె నా కండ్ల ముందట ఉండాలె వదినె."

"మీ అన్న ట్రంకు గూడ ఆయన కండ్ల ముందట్నే ఉండె. మనిషి మాయమైన వారానికే బయట పారేసిన్రు."

ముందు రోజు రాత్రే మట్టయ్య అన్నిటికీ ఒక నకలు తీసిన హార్డ్ డిస్క్ మాత్రం ఇంట్లో ఉండేటట్టు ఒప్పుకొని, తువ్వాలులో చుట్టి టీవీ పక్కన పెట్టాడు.

అతను మెట్లు దిగుతుండగా ఆమె వెనక్కి తిరిగింది. టీవీ పక్కన ఏమీ లేదు. కోపంలో తువ్వాళ్లతో పాటు దాన్నీ తనే కుక్కేసింది.

బ్యాగు మెట్టు మెట్టుకూ తగులుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఒక్క కేక చాలు. కానీ ప్రయాణమయ్యేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. మరిచిపోయిన మఫ్లర్ కోసం బక్కయ్యను గల్ఫ్‌కు బయల్దేరిన రోజు పిలిచింది తనే. పళ్లు బిగబట్టి నిలబడింది. ఫోన్ చేసినా పిలిచినట్టేనని, అతను మస్కట్‌లో దిగిందాకా చేయలేదు.

డిస్క్ భద్రంగా ఉందని, ఎవరైనా వస్తే పంపిస్తానని చెప్పాడు మట్టయ్య. పెట్టెను దోస్తు గదిలోనే పెట్టి, తనూ అక్కడే ఉన్నాడు. మూడో వారంలో క్యాంపు మొత్తం ఒక్కరోజులో ఖాళీ చేయించారు. గదిలోని సామానంతా లారీలో పోయిందని, ఆ వేళ డ్యూటీలో ఉండి తప్పించుకున్న దోస్తు ఫోన్లో చెప్పాడు. మనుషులను ఎటు తీసుకుపోయారో అతనికీ తెలియదు. వెబ్‌సైట్ తెరుచుకోలేదు. మట్టయ్య ఫోన్ మోగలేదు.

మా ఆయన ఫొటో ఏమైందని ఆడవాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. తాళం సంగతి వినని మట్టయ్య మీద, నోరు తెరవని తన మీద మండిపడుతూనే అండాలమ్మ పొడుగు నోటుబుక్కు కొనుక్కొచ్చింది.

"మల్ల చెప్పమ్మా, మొదట్నించి."

వాళ్లు చెప్పకముందే రెండు పేర్లు రాసి పెట్టుకుంది. బక్కయ్య, రెండువేల తొమ్మిది అక్టోబరు ఆరున పోయాడు, తిరిగి రాలేదు. మట్టయ్య, రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరి పదకొండున పోయాడు, తిరిగి రాలేదు.