కంచం ముందు బిళ్ళ

ఏ ఊళ్ళో ఉన్నా సాయంత్రం భోజనాల వేళకు రమోనా పేకబల్ల దగ్గర్నుంచి లేచి టల్సాలోని ఇంటికి ఫోన్ చేస్తుంది. రీనో అయినా బిలాక్సీ అయినా క్యాసినోల్లో అదే తివాచీ, కిటికీల్లేని అవే గోడలు. ఒక్కోసారి ఏ ఊళ్ళో ఉందో ఆమెకే గుర్తుండదు. పోకర్ పెట్టుబడి కాస్త పెరిగితే ఇంటి దగ్గరే పెద్ద పందేల బల్లల మీద ఆడుకోవచ్చని బయల్దేరింది. అది పెరుగుతోందో తరుగుతోందో ఇప్పుడు సరిగా చెప్పలేదు. ఒక ఊళ్ళో గెలిచింది తర్వాతి ఊరికి చేరేలోపే పెట్రోలుకీ గదికీ పోతోంది.

ఆరోజు బిలాక్సీ నుంచి చేస్తే కూతురు టెస్ ఎత్తింది.

"అమ్మా, నీ కంచం ముందు ఇంకో బిళ్ళ పడింది."

"ఎప్పుడే?"

"ఇప్పుడే, నాన్న బీన్స్ వడ్డిస్తుంటే. టప్పుమని. మొత్తం రెండయ్యాయి."

ఆ బిళ్ళ రమోనాకు తెలిసిందే. ఆట మధ్యలో ఎవరైనా లేచిపోయి తమ వంతు పందెం కట్టకపోతే ముక్కలు పంచే డీలర్ వాళ్ళ పందెం చిప్స్ ముందు, వంతు తప్పారని గుర్తుగా అలాంటిదే పెడతాడు. మూడు పడితే చిప్స్ తీసి పక్కన పెట్టి, ఆ కుర్చీని వరుసలో కాచుకున్నవాళ్ళకిచ్చేస్తారు.

"వరుసలో ఉన్నావిడ కూడా వచ్చేసింది. వరండాలో కూర్చుంది" అంది టెస్.

"నాన్నకివ్వు ఫోను... గ్లెన్, నేను ఏ వంతు తప్పాను? దాని పుట్టినరోజుకి వచ్చానుగా!"

"నన్నడుగుతావేం? నేను డీలర్నా?" గ్లెన్ గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు భయమేసింది. "ఆవిడ మంచిదేలే. గిన్నెలు కూడా కడిగిపెట్టింది."

రమోనా తిరిగి పేకబల్ల దగ్గరికొచ్చింది. పేకాటలో వంతు వస్తే డీలర్ చెబుతాడు. ఇంట్లో ఎవరు చెబుతారు? టెస్‌కి జ్వరమొచ్చిన రోజా? పన్ను ఊడిన రోజా? ఇంకేదైనానా? చేతిలో ముక్కలు రెండుసార్లు చూసింది. బోర్లా పెట్టగానే అవేంటో మర్చిపోయింది.

"ఏం పిల్లా, ఏడుపు మొహం పెడితే మేం భయపడిపోతామా?" అన్నాడు పక్కనున్న ముసలి ఆర్విల్.

ఆమె ముక్కలు డీలర్ వైపు తోసేసి చిప్స్ పోగుచేసుకుంది.

"గెలుస్తూ లేచిపోతావా! ఇదేం బుద్ధి?"

"ఏమో తాతా, నాకూ తెలీట్లేదు."

మర్నాడు భోజనాల వేళకు ఇల్లు చేరింది. వరండా ఖాళీగా ఉంది. లోపల ఒకావిడ చేతిసంచీ భుజాన వేసుకుని, రమోనా కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడి ఉంది. కంచం పక్కన మూడో బిళ్ళ అంచు మీద గిరగిరా తిరుగుతోంది.

"తప్పినవి కట్టి కూర్చో అమ్మా" అంది టెస్.

రమోనా నోట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. బిళ్ళ తిరుగుతూనే ఉంది. ఇంకేం పెట్టాలో తోచక కారు తాళాలు పెట్టింది.

బిళ్ళ ఆగింది. మిగతా రెండిటితో పాటు కనబడకుండా పోయింది. గ్లెన్ బీన్స్ గిన్నె ఆమె వైపు జరిపాడు.

ఆవిడ కుర్చీ మీంచి చెయ్యి తీసి, సంచీ సర్దుకుంది.

"అయితే నే వస్తా. పక్క వీధిలో ఎవరో లారీ తోలతారటగా, ఆ ఇల్లెటు?"

టెస్ కిటికీలోంచి చెయ్యి చాపి చూపించింది.