తొమ్మిదో గది

పొద్దున్నే షట్టర్ ఎత్తి, నేల మీద ఎండిన నెత్తురు కడిగి, కౌంటర్ మీద దూదీ టింక్చరూ సర్దితేగాని మెకానిక్‌కి రోజు మొదలయ్యేది కాదు. తల్లీకూతుళ్ళు నడిపే వీడియో గేముల కొట్టు అది, మెకానిక్ ఆ కూతురే. మూలనున్న పాత ఆట పెట్టెలో పాడుబడ్డ అంతరిక్ష నౌక, దాని నిండా సందులూ తలుపులూ ఇనప సైనికులూ. ఆ సైనికులు పేల్చిన తూటా అద్దం దాటి వచ్చి ఆడేవాళ్ళకి దిగేది. ఆట మధ్యలో వదిలేసినా, కరెంటు తీసేసినా, తూటాలు ఇల్లు వెతుక్కుంటూ మరీ వచ్చేవి. అందుకే ఎంతటి మొనగాడైనా బుద్ధిగా మొదటి తలుపు దాకా వెనక్కొచ్చాకే ఇంటికి పోయేవాడు.

ఆరేళ్ళ క్రితం తొమ్మిదో గదిలో ఒంటికన్ను సైనికుడు నాన్న గుండెల్లో కాల్చాడు. అప్పట్నుంచీ అమ్మ వంట ముగించి, చేతులు తుడుచుకుని, "ఇవాళ వాడో నేనో తేలిపోవాలి" అంటూ వచ్చేది, కూరగాయలకి బయల్దేరినంత మామూలుగా.

ఎనిమిదో గది దాకా తిన్నని దారి. ఆ రోజూ అడ్డొచ్చినవాళ్ళని అమ్మ తుక్కుతుక్కు చేసింది. అక్కణ్ణుంచి మలుపులు. తలుపు కుడివైపు కనిపిస్తే జాయ్‌స్టిక్ కర్ర కుడికి తోసింది. బొమ్మ ఎడమకి పోయి గోడకి కొట్టుకుంది. ఒక తూటా భుజంలో, ఒకటి తొడలో దిగాయి.

"ఏం చేసి చచ్చావే దీన్ని?"

అప్పుడు గుర్తొచ్చింది మెకానిక్‌కి. నిన్న పిక్చర్ ట్యూబు మార్చినప్పుడు దాని మెడ దగ్గరి వైర్లు రెండూ పొరపాటున తారుమారు చేసింది. అద్దంలోలాగా బొమ్మ తిరగబడింది, దారులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"కళ్ళు మూసుకో అమ్మా! నీ చేతికి తెలుసు దారి!"

అమ్మ మూసుకుంది. ఎడమ, ఎడమ, కుడి. ఇద్దరు సైనికుల తలకాయలు ఎగిరిపడ్డాయి. తొమ్మిదో గది గుమ్మంలో ఒంటికన్నువాడు తుపాకీ ఎత్తాడు, సరిగ్గా అమ్మ గొంతుకి. మెకానిక్ కుడి అరచెయ్యి అద్దానికి అడ్డం పెట్టింది. ఎముకలు పటపటమన్నాయి. రెండు వేళ్ళు తెగి నేల మీద పడ్డాయి.

అమ్మ మొహం మీద వెచ్చగా చిమ్మింది. "ఎవరిదే ఈ నెత్తురు?"

"నాదే. కాల్చమ్మా! రెండడుగుల్లో ఉన్నాడు వాడు!"

అమ్మ కాల్చలేదు. కర్ర వెనక్కి లాగి, వెంటపడ్డవాళ్ళని కూలుస్తూ మొదటి తలుపు దాకా వచ్చేసింది. అప్పుడు కళ్ళు తెరిచి, కూతురి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని గుడ్డ చుట్టింది.

"ఇన్నేళ్ళు కాచుకుని, చేతికి చిక్కినవాణ్ణి వదిలేశావేంటమ్మా?"

"వాడు చస్తే మీ నాన్న లేచొస్తాడా? ఆయన పోయాడే, తల్లీ."

ఆ మాట ఇద్దరిలో ఎవరి నోటా రావడం అదే మొదలు. పగ హడావిడిలో ఆరేళ్ళుగా ఏడవడానికే తీరిక లేకపోయింది. ఆటకొచ్చినవాళ్ళు వరసలో నిలబడి చూస్తుండగానే, తల్లీకూతుళ్ళు నేల మీద చతికిలబడి నాన్న కోసం భోరుమన్నారు.