మూడు గోళీలు

మా అత్త హన్మమ్మ మనసులో నా మీద అనుమానం నాటింది పక్కింటి వాళ్ళు కాదు, ఆడబిడ్డలు కాదు. నేనే పనిగట్టుకుని నాగర్‌కర్నూల్ గ్రంథాలయం నుంచి తెచ్చిన ఒక డిటెక్టివ్ నవల. అట్ట మీద రక్తం కారే కత్తి బొమ్మ ఉంది. లోపల రెండు వందల పేజీల్లో కత్తి అన్న మాటే లేదు. ఆ మోసంతోనే నేను జాగ్రత్త పడాల్సింది.

విత్తనానికి పల్లికాయ ఒలిచే రోజులవి. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు. అందుకని మా కోడేరులో ఆ పని చేత్తోనే చేస్తాం. అరుగు మీద కుప్ప పోసుకుని అత్త, మామ జంగయ్య, మా ఆయన జితేందర్, నేను మధ్యాహ్నమంతా ఒలుస్తూ కూర్చునేవాళ్ళం. రెండో రోజుకే నా బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. తప్పించుకునే దారి వెతికి, నవల చదివి వినిపిస్తానన్నాను. అత్తకు చదువు రాదు. మామకు సంతకం వచ్చు. జితేందర్‌కు చదువు వచ్చు గానీ ట్రాక్టర్ నంబర్ ప్లేటు దాటి చదివే ఓపిక లేదు.

"సదువు బిడ్డా. నీ వంతు మేం ఒలుస్తం" అంది అత్త. మూడేళ్ళ కాపురంలో ఇంత తేలిగ్గా నా మాట ఎన్నడూ నెగ్గలేదు.

కథ కాకినాడలో. రావుగారని ఒక ముసలాయన తన మేడ మెట్ల కింద చచ్చి పడి ఉంటాడు. ఇంట్లో కొడుకు, కోడలు, మనవడు, రోజూ వచ్చి చూసిపోయే డాక్టరు. నేను గొంతు తగ్గించి, వింటున్న వాళ్ళకు భయం పుట్టేలా చదివాను. "శవం పక్కన మూడు గోళీలు పడి ఉన్నాయి."

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"గోళీలా?" అంది అత్త. "మూడు మిగిలినయంటే ఎన్ని మింగిపిచ్చిన్రో!"

"బీపీవా, షుగర్‌వా? రాసిండా?" అడిగాడు మామ.

"రాయలేదు మామా."

నిజంగానే రాయలేదు. ఆ పేజీ రెండుసార్లు వెతికాను. గోళీలంటే దవాఖానలో ఇచ్చేవి తప్ప ఇంకేవో ఉంటాయని నాకూ తట్టలేదు. ఏ రోగానికి ఇచ్చినవో చెప్పకుండా ఇతనేం రచయిత అని విసుక్కుని పేజీ తిప్పాను.

అక్కడి నుంచి మా అరుగు పోలీస్ స్టేషనైంది. కొడుకు తాగుబోతు కాబట్టి వాడే అన్నాడు జితేందర్. డాక్టరు దగ్గర కాక గోళీలు ఇంకెవరి దగ్గరుంటాయి అన్నాను నేను. మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"గిసొంటి కథలల్ల తాగెటోడు చంపడు. ఎవరు బాగ మంచిగుంటరో వాళ్ళే చంపుతరు. రాసెటోడు మనల్ని ఆగం జేస్తడు."

ఆ కథలో అందరికన్నా మంచిది కోడలు. మామగారికి కాళ్ళు పట్టేది, వేళకు పాలిచ్చేది, ఎదురు మాట్లాడేది కాదు.

"గోళీలు చేతికిచ్చేది గూడ కోడలే అయ్యుంటది" అంది అత్త మెల్లగా, చేతిలో కాయ ఒలవకుండా నన్నే చూస్తూ. నేను చదువుతున్న ఊపులో ఉన్నాను. ఆ చూపుకు అర్థం వెతకలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. అత్తకు బీపీ ఉంది. పొద్దున ఒక గోళీ, సాయంత్రం ఒక గోళీ, నేనే చేతిలో పెట్టి నీళ్ళిస్తాను. ఆ వారమే దవాఖానలో తెల్లవాటికి బదులు గులాబీ రంగువి ఇచ్చారు. మందు అదే, కంపెనీ వేరు అని నర్సమ్మ నాతో చెప్పింది. నేను అత్తతో చెప్పాను. చెప్పింది నేను కావడమే తప్పయింది.

నవల మొదలుపెట్టిన నాలుగో రోజు పొద్దున అత్త గోడ పట్టుకుని నిలబడిపోయింది. కండ్లు తిరుగుతున్నాయంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాం. మధ్యాహ్నం మామ విత్తనం గింజలు చాటలో పోసి చెరుగుతూ, ఒకదాన్ని పైకెత్తి చూశాడు.

"ఏందిది? గింజకు నడుమ గీత ఉన్నది!"

అది గింజ కాదు, అత్త బీపీ గోళీ. గులాబీ రంగు గింజల్లో గులాబీ రంగు గోళీలు కలిసిపోయాయి. వెతికితే మొత్తం ఆరు దొరికాయి, నా ముందు మింగినట్టు నటించి అత్త గింజల్లో పడేసినవి.

"ఇంకో రెండొద్దులైతే చేన్ల విత్తుదును గదనే!" అన్నాడు మామ అత్తతో. "చేనుకేమన్న బీపీ ఉన్నదా?"

జితేందర్ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. ముందు ఒళ్ళు మండింది, వెనకాలే ఏడుపొచ్చింది. నాకు జ్వరం కాసిన రోజు కూడా లేచి ఇచ్చాను ఆ గోళీ.

"నేనేం జేసిన అత్తమ్మా? ఎన్నడన్న నీకు ఎదురు మాట్లాడిననా?"

"లేదు" అంది అత్త నేల చూస్తూ. "గదే నా పరేషాన్. ఎన్నడు మాట్లాడకపోతివి. ఆ కోడలు గూడ గంతే."

అంటే నేను గయ్యాళినై ఉంటే అత్త హాయిగా గోళీ మింగేది. ఈ న్యాయం ఎవరికి చెప్పుకోవాలి?

జితేందర్ అత్తను బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. బీపీ నూట ఎనభై దాటింది. ఇట్లాగే గోళీలు ఆపితే కాలూ చెయ్యీ పడిపోతాయని నర్సమ్మ కేకలేసింది. ఆమె చేతి గోళీని మాత్రం అత్త మారు మాట్లాడకుండా మింగిందట. అది విని నా కడుపు ఇంకా మండింది. ఇంటికొచ్చాక జితేందర్ ఇకమీద గోళీ తానే ఇస్తానన్నాడు.

"డబ్బా ఎవరి దగ్గరుంటది?" అని అడిగింది అత్త. "ఎవరు చంపిన్రో ముందు తేలనియ్. తేలినంకనే ఏసుకుంట."

ఇంకా ముప్పై పేజీలున్నాయి. చివరి పేజీ చూసి చెబుతానంటే ఒప్పుకోలేదు. "నడుమ దుంకితే నేను నమ్మ. సదివేది నువ్వు. నువ్వేది సదివితే గదే నిజమాయె" అంది. దాంతో మరునాడు పుస్తకం జితేందర్ చేతికి పోయింది, నేను మళ్ళీ పల్లికాయ ముందు కూలబడ్డాను. ఆ పొద్దు కూడా అత్త గోళీ వేసుకోలేదు. మధ్యమధ్య తల పట్టుకుంటోంది. నాకు ఒలిచే గింజ కనిపించడం లేదు, ఆమె ముఖమే కనిపిస్తోంది.

జితేందర్ ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. సాయంత్రానికి చివరి అధ్యాయానికి వచ్చాడు. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి జేబులోంచి ఆ మూడింటినీ తీస్తాడు. "ఈ గాజు గోళీలు మీ మనవడివి. వీటితోనే వాడు రోజూ పెరట్లో ఆడుకుంటాడు."

అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

"గోటీలు!" అని అరిచాడు మామ. "పోరగాండ్లు ఆడెటి గోటీలు! నాలుగొద్దుల సంది గోళీలు గోళీలని మమ్ముల సంపితివి గద బిడ్డా!"

మేం గోటీలనేవాటిని కాకినాడలో గోళీలంటారని నాకెవరు చెప్పారు? అయినా అప్పుడు పోట్లాడే ఓపిక లేదు. అత్త ముఖం తేటపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే జితేందర్ తర్వాతి వాక్యం అందుకున్నాడు. "వీటిని మెట్ల మీద పరిచిన హంతకురాలు..." అని ఆగి, దగ్గి, "డాక్టరు" అన్నాడు.

"హంతకురాలంటివి" అన్నాడు మామ. "డాక్టరు మొగోడు గదా?"

"అచ్చుతప్పు నాయనా."

అత్త కొడుకును చూడలేదు. పుస్తకం వాడి చేతిలోంచి లాగి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వు చెప్పు యమునా. ఎవరు?"

చూశాను. అచ్చుతప్పేమీ లేదు. జితేందర్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు. డాక్టరు అని ఒక్క మాటంటే గోళీ లోపలికి పోతుంది, ఆమె ప్రాణం కుదుటపడుతుంది. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ నేను మంచిదాన్నని నమ్మించడానికి అబద్ధమాడాలంటే నాకు చేతకాలేదు.

"కోడలే అత్తమ్మా" అన్నాను. "కోడలే చంపింది."

మామ ఒక కాయ ఒలిచి గింజను పొట్టులో, పొట్టును చాటలో వేశాడు. అత్త నన్ను అలాగే చూసి చూసి, చెయ్యి చాపింది.

"తే గోళీ."

"అమ్మా!" అన్నాడు జితేందర్.

"ఏందిరా? చంపే కోడలైతే డాక్టరే అని చెప్తుండె. గింత తెల్వదా మీకు?"

నేను పరుగున పోయి డబ్బా తెచ్చాను. అత్త గోళీ నాలుక మీద వేసుకుని చెంబెడు నీళ్ళు తాగింది. నా భుజం పట్టుకుని లేచింది. నాకు కళ్ళు నిండిపోయాయి. గడప దాకా పోయిన మనిషి ఏమనుకుందో ఆగి, తలెత్తి మా ఇంటి రేకులను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"ఐనా మన రేకులింటికి మెట్లు యాడున్నయి తియ్" అంది.