గీత దాటిన కాలు

వనపర్తి మైదానంలో ఆ సాయంత్రం గద్వాల జట్టు ఫుట్‌బాల్ ఫైనల్ ఆడుతోంది. ఓడితే మేనేజర్‌ను మారుస్తామని కమిటీవాళ్లు ముందే చెప్పేశారు. మేనేజర్ రజాక్. ఒకప్పుడు ఫార్వర్డ్‌గా గోల్స్ కొట్టిన మనిషి. ఆట మానేసి ఏళ్లు గడిచినా ఆ సంగతి ఆయన కాళ్లకు ఇంకా తెలియదు. నిద్రలో తన్నులు తినే భార్య రజియాబీకి బాగా తెలుసు.

ఆఖరి పావుగంట. స్కోరు సమానం. బంతి గీత వెంబడి దొర్లుతూ, బయట నిలబడ్డ రజాక్ ముందుకొచ్చింది. కుర్రాళ్లు అందుకునేలోపే ఆయన ఎడమకాలు గీత దాటి లేచింది. బంతి గోల్‌లో పడింది. చాలా అందమైన గోల్. రిఫరీకి మాత్రం నచ్చలేదు. గోల్ చెల్లదని, ఎర్రకార్డు చూపించి రజాక్‌ను బయటికి పంపేశాడు.

గేటు బయట ఛాయ్ బండి దగ్గర రజియాబీ అడిగింది.

"ఏం జేసిన్రు జీ?"

"నేనేం జెయ్యలే. కాలు జేసింది."

"మరి కాలునే బయటికి తోలితే అయిపోతుండె. మిమ్మల్ని ఉంచుకునెటోళ్లు."

లోపల జట్టు ఇప్పుడు కురుమూర్తి చేతిలో ఉంది. మగ్గం నేసే కురుమూర్తి ఒకప్పుడు పక్కనుంచి రజాక్‌కు బంతులు అందించినవాడు, ఇప్పుడు సహాయకుడు. అంటే నీళ్ల సీసాలు మోయడం, రజాక్ అరుపులు వినడం.

గేటు సందులోంచి ఇద్దరూ చూస్తున్నారు. కురుమూర్తి మధుసూదన్‌ను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. గోల్ కనబడితే చాలు కొట్టమని రజాక్ నేర్పిన ఆ కుర్రాడు ఈసారి కొట్టలేదు. పక్కనున్న సతీష్‌కు అందించాడు. గోల్!

"నాకూ గిట్లనే ఇచ్చెటోడు కురుమూర్తి," అన్నాడు రజాక్.

"గట్లనా? ఇన్నేండ్లు ఇంట్ల కథలు జెప్తిరి. బంతి మీ కాలుకాడికి ఎట్లొచ్చెనో ఒక్కసారన్న జెప్పిన్రా?"

రజాక్ ఛాయ్ తాగడం మరిచిపోయాడు.

గద్వాల గెలిచింది. బహుమతుల వేళకు రిఫరీ దయతలచి రజాక్‌ను లోపలికి రానిచ్చాడు. కమిటీవాళ్లు మేనేజర్ మార్పు ఊసెత్తకుండా ఆయనకే శాలువా కప్పారు. ఆయన దాన్ని తీసి కురుమూర్తి భుజాల మీద వేశాడు.

"నేను గొట్టిన గోల్స్‌ల సగం నీయే రా. జర ఆలస్యంగ చెప్తున్న."

కురుమూర్తి శాలువా అంచు వేళ్లతో నలిపి చూశాడు.

"మిషన్ నేత. పర్వాలేదు, సగం గోల్స్‌కు సరిపోతది."

తిరుగు బస్సులో రజాక్ అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాత ఆటలన్నీ మొదటినుంచి చెప్పాడు. ఎన్నిసార్లు విన్న కథలో అవి! ఈసారి వాటిలో కురుమూర్తి కూడా ఉన్నాడు. వెనక సీట్లో రజియాబీ నిద్ర ఆపుకుని మరీ విన్నది.