మోత లేని పాట

లాండ్రీ యజమానికి పాటలంటే ప్రేమేమీ లేదు. పాట జోరుగా ఉంటే చేతులూ జోరుగా ఆడతాయని ఎవడో చెవిలో ఊదాడు. యంత్రాల రొదలో చిన్న స్పీకర్లు వినబడలేదు. అందుకని గుండెలదిరేలా మోగే పెద్ద స్పీకరు పెట్టె, సబ్‌వూఫర్ కొన్నాడు. గ్లౌజులు అడిగితే ఏడాదిగా నాన్చుతున్నవాడు, దీన్ని మాత్రం ఎవరూ అడక్కుండానే కొన్నాడు.

పెట్టెను తడి హాల్లో గోడవారన పెట్టించాడు. అక్కడ ఆడవాళ్లు చెప్పులు విప్పి, నీళ్లలో నిలబడి దుప్పట్లు పిండుతారు. లాండ్రీలోనే పనిచేసే ఎలక్ట్రీషియన్ పెట్టెకు కరెంటు కింది బోర్డు నుంచి ఇచ్చాడు. పాట తెచ్చే తీగను మేడమీది ఆఫీసులో ఉన్న ఆంప్లిఫయర్ నుంచి దించాడు. స్విచ్ వేయగానే పాటకంటే ముందు గుయ్‌మని మోత మొదలైంది. పాత భవనం. మేడమీది ఎర్త్ పేరుకే ఉంది. కింది ఎర్త్‌కూ దానికీ పొసగక, ఆ తగువంతా పాట తీగ పట్టుకుని పెట్టెలోకి దిగింది.

"ఏంటా గోల? కందిరీగల్ని పెంచుతున్నావా?" అన్నాడు యజమాని మెట్లమీంచి.

"రెండిటికీ ఒకే బోర్డు నుంచి ఇవ్వాలండీ. పైకి కొత్త లైను లాగితే పోతుంది."

"లైనూ లేదు గీనూ లేదు. సాయంత్రానికి ఆ మోత ఆగాలి."

ఎలక్ట్రీషియన్ పెట్టె ప్లగ్గు విప్పి, షాక్ కొట్టకుండా కాపాడే ఎర్త్ తీగ కత్తిరించాడు. మోత చచ్చింది. యజమాని భుజం తట్టాడు.

పొద్దున్నే పెట్టె వెనక స్విచ్ వేసే పని ఎలక్ట్రీషియన్ భార్యది. ఆమె దుప్పట్లు పిండే తొట్టి పక్కనే ఆ పెట్టె. హాల్లో అందరికీ ఆమె వదిన. ఆ ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఏ యంత్రాన్నయినా ముందు వేళ్ల వెనకవైపుతో తాకుతారు. అరచేత్తో పట్టుకుంటే కరెంటు వదలనివ్వదు. వెనకవైపయితే చెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. వదిన పెట్టె రేకును అలాగే తాకింది. చెయ్యి ఎగిరిపడింది.

"ఏమయ్యా, ఎర్త్ తీసేశావా?"

"మోత పోయిందిగా. కాస్త చురుక్కుమంటుంది, అంతే."

"అంతేనా? అయితే చెప్పులు విప్పి రా. ఈ నీళ్లలో నిలబడి అరచేత్తో పట్టుకో."

అతడు కదల్లేదు.

"పట్టుకో అన్నయ్యా," అంది పక్క తొట్టి ఆవిడ. "వదినకి ఇంకో సంబంధం మేం చూస్తాంలే."

అతడు తలవంచుకుని తీగ మళ్లీ కలిపాడు. మోత తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి వాళ్లు గుమ్మంలో ఆగి వినేవాళ్లు. పాట అడుగున గుయ్‌మంటుంటే తీగ ఉన్నట్టే. అప్పుడు చెప్పులు విప్పేవాళ్లు. యజమాని మాత్రం ఎలక్ట్రీషియన్ కనబడితే చాలు, "కందిరీగల డాక్టరూ, నీ పని చేసేవాళ్లు బయట బోలెడుమంది" అనేవాడు.

ఒకరోజు అతడు తిండి కూడా తినకుండా భార్యకంటే ముందే ఇల్లు దాటాడు. వదిన వాళ్లు వచ్చేసరికి పెట్టె మోగుతోంది. పాట శుభ్రంగా ఉంది. అడుగున మోత లేదు.

"లైను లాగావా?" అంది వదిన గుమ్మంలోంచే.

పెట్టె పక్కన నిలబడ్డ భర్త గోడకేసి చూశాడు. "ఏం కాదు, రండి."

ఆ మాటకు వదిన ఒక చెప్పు విప్పింది, వెనకవాళ్లూ విప్పారు. అంతలో ఆమె అతని కాళ్లకేసి చూసింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. కొత్తవి.

"మరి నువ్వు విప్పు," అంది.

అతడు విప్పలేదు. వదిన విప్పిన చెప్పును మళ్లీ తొడుక్కుంది. వెనక ఒక్కొక్కరే తొడుక్కున్నారు. మేడమీద తలుపు తెరుచుకుంది. యజమాని మెట్లు దిగుతున్నాడు. గుమ్మంలోంచి ఎవరూ తప్పుకోలేదు.