చిటికెన వేలి నీడ

అమ్మమ్మ ఇంకా ఎవరికీ అమ్మమ్మ కాని రోజుల్లో, వేసవి మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని బట్టలు కుట్టుకునేది. ఆమె నీడలో పాలగిన్నె, దాని పక్కన హోంవర్కు చేసుకుంటూ కూతురు. ఆమె నీడ చల్లగా ఉండేది మరి. జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చి పక్కింటివాళ్లు కాసేపు అందులో పడుకోబెట్టుకునేవాళ్లు. చిక్కల్లా ఒకటే. ఆమె మాట్లాడితే చేతులు ఊరుకోవు. నీడ అటూ ఇటూ పరిగెడుతుంటే పాలగిన్నెని దాని వెనకే జరుపుతూ ఉండాలి.

ఆ కూతురికే నెలలు నిండకుండా పాప పుట్టింది. ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచి, చేతి నరంలోంచి గుండె దాకా వెంట్రుకంత గొట్టం వేశారు. ఆ పిల్ల తిండీ మందూ అన్నీ అందులోంచే. ఓ పొద్దున ఆ నరం వెంబడి ఎర్రటి చార లేచింది.

"నరం వాచింది. సాయంత్రానికి తగ్గకపోతే గొట్టం తీసెయ్యాలమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంకోటి వేద్దామంటే నరం దొరకట్లేదు."

కూతురు గుమ్మం బయట నిలబడ్డ తల్లి వైపు చూసింది. "మా అమ్మని లోపలికి రానిస్తారా? ఆవిడ నీడ చల్లగా ఉంటుంది."

నర్సు అమ్మమ్మ నీడ వంక చూసింది. "మోచేతుల దాకా కడుక్కుని రండి పెద్దమ్మా. పాపకి చలి తగలకూడదు. చార మీద తప్ప ఎక్కడా నీడ పడనివ్వకండి."

నరాలు వెతికే చిన్న దీపం తెచ్చి పెట్టింది. అమ్మమ్మ చిటికెన వేలు చాచింది.

"మా అమ్మాయి పుట్టినప్పుడు..." అని మొదలుపెట్టిందో లేదో, చెయ్యి లేచి నీడ పాప గుండెల మీదికి జారింది. పాప వణికింది. మిషన్ కూత పెట్టింది.

ఇక అమ్మమ్మ నోరు మెదపలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆమెకి అదే మొదలు.

సాయంత్రానికి చార మాయమైంది. గొట్టం నిలిచింది, పాప బతికింది. దీపం ఆర్పేసినా ఆ వేలి నీడ మాత్రం పాప దగ్గరే ఉండిపోయింది. అప్పట్నుంచీ అమ్మమ్మ కుడిచేతి నీడకి నాలుగే వేళ్లు. ఆ కథని రెండు చేతులూ ఊపుతూ కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. పాలు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోయాయి. వేసవి మధ్యాహ్నమైతే కూతురికి ఆ కిటికీ వైపు చూడబుద్ధి కాదు.

నిన్న పెనం తగిలి ఆమె చెయ్యి కాలింది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పాప, తల్లిని కిటికీ దగ్గరికి లాక్కెళ్లి ఎండలో తన చిటికెన వేలు చాచింది. ఆ పిల్ల నీడ మొత్తంలో చల్లగా ఉండేది అదొక్కటే. మంట తగ్గింది. తల్లి కళ్లు తుడుచుకుంది.

"తగ్గిందిగా, ఇంకెందుకమ్మా ఏడుపు?" అంటూ పాప చెయ్యి తీసెయ్యబోయింది.

"కదలకే. కాసేపు మా అమ్మని ఉండనీ."